లాలూచీ కుస్తీకి ఒక వకాల్తా

మన రాజకీయ వ్యాఖ్యాతలకు 'లాలూచీ కుస్తీ' ఒక తిట్టు. బయట కొట్టుకుంటూ లోపల చేతులు కలిపినవాళ్లను అలా అంటారు. నేను ఇరవై ఏళ్లుగా ప్రాణంగా చూసే ఆట అక్షరాలా అదే. జపాన్ వాళ్లు పురోరెసు అని పిలుచుకునే ప్రొఫెషనల్ రెజ్లింగ్. ఎవరు గెలవాలో ముందే తేలిపోయిన కుస్తీ. ఈ సంగతి దాచుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు కానీ, దీన్ని ఎందుకు ఇష్టపడతావని ఎవరైనా అడిగితే మాత్రం నీళ్లు నమిలేవాణ్ణి.

పోయిన నెల ఒక పాత స్నేహితుడు ఫోనులో సందేశం పెట్టాడు. చిన్నప్పుడు ఇద్దరం వేసవి సెలవులన్నీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులతో గడిపినవాళ్లం. ఛాతీ కొలత ఎక్కువున్న కార్డు ఎవడి చేతిలో ఉంటే ఆ పూట రాజ్యం వాడిది. ఇప్పుడు అతనికి జపాన్ కుస్తీ మీద కొత్తగా ఆసక్తి పుట్టింది. 'ఏడు నక్షత్రాల మ్యాచ్ చూశాను. 2018 జూన్‌లో ఒసాకాలో ఒకాడా, కెన్నీ ఒమేగా ఆడినది. ఇంతకన్నా గొప్పది లేదంటున్నారు, నిజమేనా?' అని అడిగాడు. నక్షత్రాలు ఇచ్చేది డేవ్ మెల్ట్జర్ అనే అమెరికన్ విలేకరి. ఐదే గరిష్ఠం అనుకున్న కొలబద్ద ఆయన చేతిలోనే ఏడు దాకా సాగింది.

గొప్పదే, కానీ నాకు 1975 డిసెంబర్ 11న జపాన్ రెజ్లర్ ఆంటోనియో ఇనోకీ, బిల్లీ రాబిన్సన్ గంటసేపు ఆడి సమంగా ముగించినది అంతకన్నా ఇష్టమని జవాబు రాశాను. వెతుక్కుని చూసినట్టున్నాడు. అరగంటలో మళ్లీ సందేశం. 'పది నిమిషాలు చూశాను. ఇద్దరూ కింద పడుకుని ఒకరి చేతులు ఒకరు పిసుక్కుంటున్నారు.'

ఫోనులో టైపు చేయడానికి నాలుగు వాక్యాలు సరిపోలేదు. అందుకే ఈ టపా.

చేతులు పిసుక్కోవడం గురించి

మొదటిసారి చూసినప్పుడు నాకూ నిద్ర పట్టింది. హాస్టల్ గదిలో, ఎవరో కాపీ చేసి ఇచ్చిన సీడీలో, బొమ్మ మసకగా ఉన్న రికార్డింగు. పావుగంటకే తల దిండు మీదికి జారింది. మళ్లీ చూడటానికి రెండేళ్లు పట్టింది. ఈలోగా నా చూపులో ఒక మార్పు వచ్చింది. 'తర్వాత ఏమవుతుంది' అని ఎదురుచూడటం తగ్గి, 'ఇప్పుడు ఆ చెయ్యి ఎక్కడుంది' అని చూడటం అలవాటైంది.

రాబిన్సన్ ఇంగ్లండ్ మనిషి. విగన్ అనే బొగ్గుగనుల ఊళ్లో బిల్లీ రైలీ నడిపిన తాలీంలో తయారైనవాడు. ఇనోకీకి పట్లు నేర్పిన బెల్జియం వస్తాదు కార్ల్ గోచ్ కూడా అక్కడే నలిగి వచ్చాడు. వరస కలిపితే రాబిన్సన్ ఇనోకీకి చిన్నగురువు అవుతాడు. ఇక్కడ ఒక పిట్టకథ. గోచ్ శిష్యులకు పట్ల కన్నా ముందు చేయించినవి బస్కీలు, దండీలు, అవీ వందల లెక్కన. గదతో కసరత్తు కూడా ఉండేది. జపాన్ రెజ్లర్లు బస్కీలను ఇప్పటికీ 'హిందూ స్క్వాట్' అనే అంటారు. మన పల్లె తాలీంఖానాలో పహిల్వాన్లు తీసే బస్కీ టోక్యోలో కొత్తగా చేరిన కుర్రాళ్ల కాళ్లు వణికిస్తోందన్న ఊహ నాకు చాలా సరదాగా ఉంటుంది.

మళ్లీ ఆ మ్యాచ్‌కు వద్దాం. మూడింటిలో రెండు గెలిచినవాడు విజేత, గంట గడువు. అందులో ఎక్కువ భాగం పెద్ద విన్యాసాలేమీ ఉండవు. ఒకడు మణికట్టు దొరకబుచ్చుకుంటాడు. అది విడిపించుకోవాలంటే రెండోవాడు ఒళ్లంతా తిప్పాలి. తిప్పితే కాలు అవతలివాడికి అందుతుంది. ఆ కాలు పట్టుకోవాలంటే వాడు మణికట్టు వదలాలి. ఇలా ప్రతి లాభానికీ ఒక నష్టం ఉంటుంది. 42 నిమిషాలు దాటాక రాబిన్సన్ వీపుకు వీపు ఆనించి, ఇనోకీ రెండు చేతుల్లో తన చేతులు మెలేసి, వెనక్కి లాగి నేల మీద చిత్తు చేశాడు. చూడటానికి ఎంత చిన్న పట్టంటే, బడి మైదానంలో పిల్లలు కూడా వేసుకుంటారు. అయితే అంతసేపూ మనం చూసినది 'చేతులు ఎవరి అదుపులో ఉన్నాయి' అన్న ఒకే ఒక్క తగాదా. ఆ తగాదాలో తీర్పు వచ్చింది కాబట్టి ఆ చిన్న పట్టు గుండెల్లో గుద్దినట్టు తగులుతుంది.

ఆ తర్వాత ఇనోకీకి మిగిలినది పావుగంట పైచిలుకు. ఆఖరికి తన సొంత పట్టు మంజి-గతమే వేశాడు. మంజి అంటే స్వస్తిక. నిలబడే ఒక కాలు అవతలివాడి కాలికి మెలేసి, రెండో కాలు వాడి మెడ మీదుగా వేసి, చేతిని విరిచి పట్టుకుంటే ఇద్దరి ఒళ్లూ కలిసి ఆ గుర్తులా కనిపిస్తాయి. గంట ముగియడానికి నిమిషం కూడా లేనప్పుడు రాబిన్సన్ లొంగాడు. ఒకటికి ఒకటి. ఇంకెవరూ గెలవడానికి సమయం లేదు.

అదే మంజి మూడో నిమిషంలో పడి ఉంటే రాబిన్సన్ తాళ్ల దాకా జరిగి విడిపించుకునేవాడు, మనమూ నమ్మేవాళ్లం. యాభై తొమ్మిదో నిమిషంలో లొంగినా నమ్మాం. రెంటికీ మధ్య తేడా తెచ్చినది మా స్నేహితుడు తప్పుబట్టిన ఆ చేతులు పిసుక్కోవడమే. మ్యాచ్ నాణ్యత అని నేననుకునేది ఇదొక్కటే. వేసిన పట్టు ఆ తర్వాతి నిమిషాలకు గుర్తుండాలి. పదో నిమిషంలో మోకాలు మెలిపెడితే ఇరవయ్యో నిమిషంలో ఆ కాలు మీద బరువు మోపేటప్పుడు ఒక తటపటాయింపు కనిపించాలి.

చచ్చినవాడు లేచి పద్యం పాడితే

పద్యనాటకాల రోజుల్లో పాత్ర చచ్చిపోయాక కూడా జనం 'వన్స్‌మోర్' అని అరిస్తే, చచ్చినవాడు లేచి మళ్లీ పద్యం ఎత్తుకునేవాడని మన పెద్దవాళ్లు నవ్వుతూ చెబుతారు. జపాన్ రింగులో అలాంటి మ్యాచ్‌లకు కొదవ లేదు. పావుగంటసేపు కాలు విరగ్గొట్టినంత పని చేస్తారు. చివరి ఐదు నిమిషాల్లో ఆ కాలితోనే వాడు రింగు ఈ మూల నుంచి ఆ మూలకు లేడిలా దూకుతాడు. అప్పటిదాకా వేసిన పట్లన్నీ కాలక్షేపమని వాళ్లే చెప్పేసినట్టు.

దీనికి జపాన్ అభిమానుల దగ్గర గట్టి జవాబే ఉంది. 'తోకోన్' అంటారు, పోరాడే ప్రాణం అనుకోవచ్చు. ఇనోకీ తన జీవితమంతా ఆ మాట మీదే నడిపాడు. నొప్పి ఉంది, అయినా లేచాడు, అదే కదా గొప్ప అని వాదిస్తారు. చాలాకాలం దీన్ని కుంటిసాకు అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. కెంటా కోబాషీ అనే రెజ్లర్ నొప్పితో మొహం వంకరపోతుండగా లేచి నిలబడటం చూసి నేను కుర్చీలోంచి లేచిన రోజులున్నాయి. కాకపోతే కోబాషీ లేస్తే ఏదో ఒకటి చెల్లించి లేస్తాడు. కాలు ఈడుస్తాడు, కొట్టిన చేతినే పట్టుకుని మూలుగుతాడు. ఉచితంగా లేచేవాళ్లతోనే నా పేచీ.

పట్టును విశ్రాంతికి వాడుకునేవాళ్లు ఇంకో రకం. తల చంకలో బిగించి, రెండు నిమిషాలు ఊపిరి పీల్చుకుని, తర్వాతి గంతులు ఏమిటో చెవిలో చెప్పుకుంటారు. నేల మీది కుస్తీ అంటే జనానికి విసుగు రావడానికి మొదటి కారణం వీళ్లే. రాబిన్సన్ చేసినదీ, వీళ్లు చేసేదీ దూరం నుంచి ఒకేలా ఉంటాయి. తేడా వేళ్లలో ఉంటుంది.

ఉదాహరణకు జూడో నుంచి వచ్చిన జూజి-గతమే తీసుకోండి. అవతలివాడి చెయ్యి మీ తొడల మధ్య పెట్టుకుని, కాళ్లు వాడి ఛాతీ మీద వేసి, వెనక్కి వాలి మోచేయి సాగదీయడం. పూర్తిగా పడితే ఎవడైనా క్షణంలో ఒప్పుకోవాలి. మరి రింగులో అరనిమిషం ఎలా భరిస్తారు? భరించరు. అది ఇంకా పడలేదు. కింద ఉన్నవాడు రెండు చేతులూ కలిపి వేళ్లు బిగించి ఉంటాడు. పైవాడు ఆ వేళ్లను ఒక్కొక్కటే ఊడదీస్తుంటాడు. చూపుడువేలు జారుతుంది. మళ్లీ పట్టుకుంటాడు. మణికట్టు మీదికి పట్టు మారుస్తాడు. ఒక కాలు తాడు కోసం వెతుకుతుంటుంది, మడమకూ తాడుకూ మధ్య జానెడు దూరం. చేతులు విడిపోయిన ఆ ఒక్క క్షణంలో, అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉన్న జపాన్ జనం నుంచి 'ఓ' అని ఒక శబ్దం వస్తుంది. అది నాకు ఏ ఎగిరి దూకుడుకు వచ్చే కేక కన్నా ఎక్కువ ఇష్టం.

పెదనాన్న చూసినది

మా పెదనాన్న కంట్లో శుక్లాల ఆపరేషన్ కోసం హైదరాబాద్ వచ్చి మా ఇంట్లో పదిరోజులున్నారు. వయసులో ఉన్నప్పుడు నిజామాబాద్ జిల్లా జాతరల్లో కుస్తీ పట్టిన మనిషి. ఒక సాయంత్రం నేను జాక్ సేబర్ జూనియర్ మ్యాచ్ ఒకటి పెట్టుకున్నాను. ఆపరేషన్ అయిన కంటికి నల్లద్దాలు పెట్టుకుని పక్కన కూర్చున్నారు.

"వీడెవడురా, ఇంత సన్నగా ఉన్నాడు?"

"ఇంగ్లండ్ వాడు పెదనాన్నా. 2018లో ఒక టోర్నమెంటులో నలుగురిని వరసగా పట్లతోనే ఓడించాడు."

"ఇదంతా ముందే మాట్లాడుకున్నదే కదా?"

అవునన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ముందుకు వంగి, "మాట్లాడుకుంటే మాట్లాడుకున్నారు గానీ, ఆ మణికట్టు మాత్రం వదలడం లేదు చూడు. మూడుసార్లు పైకీ కిందికీ దొర్లారు, ఒక్కసారి వదల్లేదు" అన్నారు. నేను అప్పటికి ఆ మ్యాచ్ రెండుసార్లు చూశాను. మణికట్టు సంగతి గమనించలేదు.

ఆయన అసలు మెచ్చుకున్నది మాత్రం రెండోవాణ్ణి. "కింద ఉన్నవాడు ఇంకా గట్టివాడురా. నొప్పి ఎటు లాగుతుందో తల అటే తిప్పుతున్నాడు. అది తెలియనివాడైతే ఊరికే అరుస్తాడు." పట్టు వేసేవాడి నైపుణ్యం గురించి ఇన్నేళ్లుగా రాసుకున్న నాకు, పట్టు పడేవాడి విద్య గురించి ఒక్క పేరా కూడా రాయలేదని అప్పుడే తట్టింది. లాలూచీ కుస్తీలో సగం పని ఓడేవాడిది. సగం కన్నా ఎక్కువేమో.

ఆ రాత్రి అన్నం తింటూ ఇంకో సంగతి బయటపెట్టారు. జాతరలో కుస్తీలు కొబ్బరికాయ బహుమతితో మొదలై వెండి కడెంతో ముగిసేవట. "కొబ్బరికాయ కుస్తీల్లో మేమూ మాట్లాడుకునేవాళ్లం. ఇవాళ నువ్వు పడు, రేపు పక్క ఊళ్లో నేను పడతాను అని. వెండి కడెం దగ్గర మాత్రం మాటల్లేవు." మరి జనానికి తెలిసేదా అని అడిగాను. "తెలిసేది. బాగా పడితే చప్పట్లు కొట్టేవాళ్లు. అడ్డగోలుగా పడితే తిట్టేవాళ్లు" అన్నారు. తర్వాత నా ఎడమ మణికట్టు పట్టుకుని "లాక్కో" అన్నారు. బలంగా లాగాను, రాలేదు. ఉడుంపట్టు. "బొటనవేలి వైపు తిప్పి లాగు, అక్కడే సందు ఉంటుంది." వచ్చింది. డెబ్బై దాటిన ఆయన వేళ్ల గుర్తులు నా చేతి మీద మర్నాటికీ పోలేదు.

నిజంగా కనిపించడమే గొప్పా?

నా వాదన ఇంత దూరం వచ్చాక ఎవరైనా అడగవచ్చు. పట్లే ముఖ్యమైతే, అచ్చం నిజమైన పోరులా ఉండే కుస్తీనే అన్నిటికన్నా గొప్పదనాలి కదా? అలా అనుకున్నవాళ్లు జపాన్‌లోనే ఉన్నారు. 1984లో యూడబ్ల్యూఎఫ్ అనే సంస్థ పుట్టింది. అకిరా మాయెదా, ఫుజివారా, సాయామా, తకాదా లాంటి గోచ్ ప్రభావం ఉన్నవాళ్లు అందులో చేరి, తాళ్ల మీద పడి ఎగిరి రావడం లాంటివి పక్కనపెట్టి, తన్నులూ పట్లూ మాత్రమే మిగిల్చారు. కొన్నాళ్లు నేనూ ఆ మతంలో ఉన్నాను. మిగతాదంతా సర్కస్ అని చిన్నచూపు చూశాను.

ఆ మతం నుంచి నన్ను బయటికి లాగినది 1995 అక్టోబర్ 9న టోక్యో డోమ్‌లో జరిగిన మ్యాచ్. ఆ సంప్రదాయం తరఫున నొబుహికో తకాదా, పాతకాలపు పురోరెసు తరఫున కెయిజీ ముతో. తకాదా తన్నులు తూటాల్లా ఉంటాయి. ముతో ఆ తన్నే కాలినే పట్టుకుని మోకాలు మెలితిప్పుతూ పోయి, చివరికి ఫిగర్ ఫోర్ వేసి లొంగదీశాడు. కాళ్లు నాలుగు అంకెలా మడిచే ఆ పట్టు తాతల నాటిది. యూడబ్ల్యూఎఫ్ అభిమానులు అదొక బొమ్మ పట్టు అని ఎగతాళి చేసేవాళ్లు. అయినా ఆ రాత్రి నమ్మాలనిపిస్తుంది. ఆ మోకాలికి అప్పటికే జరిగినదంతా మన కళ్ల ముందే జరిగింది కనుక. జ్ఞాపకం ఉంటే బొమ్మ పట్టు కూడా కరుస్తుంది.

ఇదే తకాదా 1997 అక్టోబర్ 11న అదే టోక్యో డోమ్‌లో బ్రెజిల్ జియుజిట్సు వీరుడు రిక్సన్ గ్రేసీతో నిజంగానే పోరాడాడు. ఐదు నిమిషాలు కూడా నిలవలేదు. జూజి-గతమేకే లొంగాడు. నిజంలా కనిపించడం వేరు, నిజం వేరు అని లోకమంతా నవ్వింది. కానీ కథ అక్కడితో ఆగలేదు. తకాదా సంస్థలోనే కుర్రాడుగా ఉన్న కజుషీ సకురాబా 2000 మే 1న అదే గ్రేసీ కుటుంబంలోని రాయిస్ గ్రేసీతో గంటన్నర పోరాడి, ఓటమి ఒప్పుకుంటూ అవతలి మూల నుంచి తువ్వాలు పడేదాకా తెచ్చాడు. సకురాబాకు అక్కడ పట్లు నేర్పినవాడెవరో తెలుసా? వయసు మళ్లిన బిల్లీ రాబిన్సన్. మా స్నేహితుడు ఆవలించిన ఆ చేతులు పిసుక్కోవడం పాతికేళ్లకు అలా తేలింది. ఇది నా వాదనకు రుజువని అనను. లాలూచీ కుస్తీ బాగుండటానికి నిజం కుస్తీలో గెలవనక్కర్లేదు. ఆ వంశవృక్షం చూస్తే ముచ్చటేస్తుంది, అంతే.

నాకు మింగుడుపడనిది

ఇక్కడిదాకా నా మాటలు ధీమాగా ఉన్నాయి. ఇప్పుడు నాకే సమాధానం దొరకని చోటికి వస్తున్నాను. నాకు అత్యంత ఇష్టమైన పది మ్యాచ్‌లు రాయమంటే అందులో నాలుగైదు 1990ల ఆల్ జపాన్ అనే కుస్తీ సంస్థవే ఉంటాయి. మిసావా, కవాదా, కోబాషీ, తావుయే. 1994 జూన్ 3న టోక్యోలోని బుదోకాన్ హాల్లో మిసావా, కవాదా ఆడినది ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అవి పట్ల మ్యాచ్‌లు కావు. మనిషిని ఎత్తి మెడ మీద, తల మీద పడేసే మ్యాచ్‌లు. వాటికి జ్ఞాపకశక్తి మాత్రం పుష్కలం. ఒక ఏడాది తప్పించుకున్న దెబ్బ మరుసటి ఏడాది తగులుతుంది. నా కొలబద్ద మీద అవి బంగారంలా నిలుస్తాయి.

2009 జూన్ 13న హిరోషిమాలో మిసావా రింగులోనే కుప్పకూలి చనిపోయాడు. వెనక్కి ఎత్తి పడేసే ఒక మామూలు బ్యాక్‌డ్రాప్ తర్వాత. నలభై ఏడు నిండటానికి ఐదు రోజులే ఉంది. ఆ ఒక్క దెబ్బ అనుకోను, ఏళ్ల తరబడి మెడ మీద పడిన బరువు. మ్యాచ్‌కు జ్ఞాపకం ఉండాలని నేను గొప్పగా చెబుతున్నాను. ఒంటికి అంతకన్నా మంచి జ్ఞాపకశక్తి ఉంది. 2017 ఏప్రిల్ 9న కత్సుయోరి షిబాతా ఒకాడా నుదుటిని తన నుదుటితో నిజంగానే మోది, మెదడులో రక్తస్రావంతో ఆసుపత్రి పాలయ్యాడు. ఆ శబ్దం విని ప్రత్యక్షప్రసారంలో నేను చప్పట్లు కొట్టాను. ఇప్పుడు ఆ వీడియో ఆ చోటికి వచ్చేసరికి ఆపేస్తాను.

అందుకే పట్ల కుస్తీ మీద నా ప్రేమలో కొంత స్వార్థం ఉందేమోనని అనుమానం. తప్పుచేసిన భావన లేకుండా చూడగలిగే కుస్తీ అది. మణికట్టు విరుగుతున్నట్టు నన్ను నమ్మించి, విరగకుండా ఇంటికి వెళతారు. నమ్మించడం, నొప్పించకపోవడం రెండూ ఒకే వేళ్లతో చేయాలి. మెడ మీద పడేసి నమ్మించడానికి ధైర్యం చాలు, దీనికి విద్య కావాలి. ఇలా రాస్తుంటే నాకే నేను పంతులులా కనిపిస్తున్నాను. బుదోకాన్ మ్యాచ్‌లు చూడటం మానేశానా అంటే, పోయిన ఆదివారం కూడా చూశాను. పట్ల వాళ్లు క్షేమంగా ఉంటారనీ చెప్పలేను. ఎదుటివాడి మోకాలిని అంత ఓపికగా మెలితిప్పిన ముతో, తాడెక్కి వెనక్కి పల్టీ కొట్టే తన మూన్‌సాల్ట్ కోసం సొంత మోకాళ్లు అరగదీసుకుని, 2018లో రెండూ కృత్రిమ మోకాళ్లు వేయించుకున్నాడు.

ఒకాడా, ఒమేగాల ఏడు నక్షత్రాల మ్యాచ్ కూడా ఈ వారం మళ్లీ చూశాను. బాగుంది. గంట దాటినా ఎక్కడా కుంగలేదు. చివరికి వచ్చేసరికి ఒమేగా అలసటకు ఒక చరిత్ర ఉంది, అది నేను ఒప్పుకుంటాను. నక్షత్రాల లెక్క నన్ను ఇబ్బంది పెట్టేది మరోచోట. ఐదు, ఆరు, ఏడు అని పెంచుకుంటూ పోతే రింగులో ఉన్న కుర్రాడు దాన్ని ఎత్తుగానూ, వేగంగానూ, ఇంకో పల్టీగానూ అర్థం చేసుకుంటాడు. వేలు ఊడదీసినందుకు ఎవరూ అదనంగా పావు నక్షత్రం ఇవ్వరు. ట్రంప్ కార్డుల మీద ఛాతీ కొలతలు ఉండేవి గానీ పట్టు బిగువు ఎంతో ఉండేది కాదు.

ఈ టపా సగం రాసేటప్పటికి మా స్నేహితుడి నుంచి మళ్లీ సందేశం వచ్చింది. నామీద గౌరవంతో రాత్రి ఇనోకీ మ్యాచ్ మొదటి నుంచి పెట్టాడట. 'నిద్రపోయాను. లేచేసరికి రాబిన్సన్ ఒకటి గెలిచేసి ఉన్నాడు. ఎలా పడేశాడో అర్థం కావాలంటే ఎంత వెనక్కి వెళ్లి చూడాలి?'

'రెండు నిమిషాలు' అని టైపు చేసి చెరిపేశాను. నలభై రెండు అంటే తిడతాడు. ఇంకా జవాబివ్వలేదు.